అమ్మ ఫోన్‌లో తెరుచుకోని బ్లాగ్

"ఏరా, నువ్వు పంపిన లింకు నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఒక్క అక్షరం కనపడితే ఒట్టు!" అంది అమ్మ. తాతయ్య గురించి రాసిన పోస్ట్ అది. అమ్మ చదవాలనే రాశా.

నా లాప్‌టాప్‌లో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. పైన జరిగే ఫొటోల స్లయిడర్, పక్కన విడ్జెట్లు, స్క్రోల్ చేస్తే ఎగిరొచ్చే పేరాలు. మూడేళ్ల క్రితం ముచ్చటపడి పెట్టుకున్న థీమ్. ఆఫీసులో ఎవరైనా "పేజీ స్లో" అంటే వెంటనే కారణం వెతికే నేను, సొంత పేజీ బరువెంతో ఎప్పుడూ చూసుకోలేదు. ఆ రాత్రి చూశా. 800 మాటల పోస్ట్ కోసం 4 ఎంబీ దిగుతోంది! అందులో నా అక్షరాల వాటా 30 కేబీ కూడా లేదు.

సరే, బాగుచేద్దామంటే ఏది ఏ ఫైల్లో ఉందో అంతుచిక్కదు. పైగా పాత దెబ్బ ఒకటి గుర్తుంది. అప్పట్లో వర్డ్‌ప్రెస్ థీమ్ ఫైళ్లలోనే నేరుగా మార్పులు చేశా. అప్‌డేట్ రాగానే అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మన మార్పులు చైల్డ్ థీమ్‌లో పెట్టుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది.

అందుకే ఈసారి సాదా థీమ్ ఎంచుకున్నా. ఒకే కాలమ్, చిన్న మెనూ, ఒక్క స్టైల్ ఫైల్. చైల్డ్ థీమ్‌లో నేను మార్చినవి నాలుగే.

ఒకటి, వెబ్ ఫాంట్ తీసేశా. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఎలాగూ ఉంటుంది, మళ్లీ దించడం దేనికి?

రెండు, లైన్-హైట్ 1.4 నుంచి 1.8 చేశా. ఇంగ్లిష్‌ని చూసి చేసిన థీమ్‌లలో వరుసలు దగ్గరగా ఉంటాయి. మనకేమో కింద ఒత్తులు, పైన గుడులు. 'రాష్ట్రం' ఒత్తులు వెళ్లి కింది వరుస గుడులకి తగులుతాయి.

మూడు, లెటర్-స్పేసింగ్ సున్నా చేశా. నాలుగు, జస్టిఫై తీసేశా. మన మాటలు పొడుగు, ఫోన్ తెర ఇరుకు. రెండు అంచులూ కలపబోతే మధ్యలో పళ్లూడిన నోరులా ఖాళీలు.

మొత్తం కలిపి పట్టుమని పది లైన్ల కోడ్ లేదు.

"ఏంట్రా, కాలేజీ ఫస్టియర్ ప్రాజెక్టులా ఉంది" అన్నాడు ఫ్రెండ్. కాస్త గుచ్చుకుంది. స్లయిడర్ మీద నాకూ మోజే మరి. కానీ పేజీ ఇప్పుడు 200 కేబీ దాటట్లేదు.

మీకూ సొంత బ్లాగ్ ఉంటే, ఇంట్లో అందరికంటే పాత ఫోన్ అడిగి తీసుకోండి. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో మీ పేజీ తెరవండి. ఏ థీమ్ కావాలో అక్కడే తేలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్. "చదివాన్రా. బాగుంది. కానీ తాతయ్య వాచీ కుడి చేతికి పెట్టుకునేవారు. ఎడమ అని రాశావు."

వెంటనే దిద్దేశా.