పేరు లేని చేప

బాలలూ! చేపల వేటకు వెళ్ళివచ్చిన ప్రతివారి దగ్గరా ఒక కథ ఉంటుంది. "మూరెడు చేప, గట్టుదాకా వచ్చి జారిపోయింది!" అని. నేను చెప్పబోయేది జారిపోయిన చేప కథ కాదు, చేతికి చిక్కిన చేప కథ. అది అరచేయి కంటే పెద్దది కాదు. అయినా చాలా రోజులు నన్ను ఆలోచనలో పడేసింది.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు లోయకు దగ్గరలో డుంబ్రిగుడ ఉంది. అక్కడి చాపరాయిని మీలో కొందరు చూసే ఉంటారు. చాప పరచినట్లు విశాలంగా ఉన్న రాతిమీదుగా గెడ్డ జారుతూ పారుతుంది. వానలు వెనకబట్టి నీరు తేరుకున్న రోజుల్లో, ఒక ఆదివారం నాడు, ముగ్గురు హైస్కూలు పిల్లలతోనూ వారి ఊరి తాతతోనూ కలిసి ఆ గెడ్డకు దిగువన చేపలు పట్టడానికి వెళ్ళాను. పిల్లల దగ్గర గాలాలు, కొబ్బరిచిప్పలో వానపాములు ఉన్నాయి. తాత మాత్రం ముందురోజు సాయంత్రమే రెండు రాళ్ళ నడుమ నీరు ఇరుకుగా పారేచోట వెదురుతో అల్లిన బుట్ట పెట్టి వచ్చాడు.

ఉదయం బుట్ట ఎత్తితే గుప్పెడు పరిగెలు, ఒక బొమ్మిడాయి కనిపించాయి. రాళ్ళ అడుగున వెతికితే పొట్టతో రాతిని పట్టుకుని వేలాడే వేలెడంత చేపలు రెండు దొరికాయి. నీటి వడికి కొట్టుకుపోకుండా ఉండటానికి ప్రకృతి వాటికి ఇచ్చిన ఏర్పాటు అది! ప్రతి చేపకూ తాత తన ఇంటి భాషలో ఒక పేరు చెప్పాడు. పేరుతోపాటు అది ఏ నీటిలో ఉంటుందో, ఏ కాలంలో గ్రుడ్లు పెడుతుందో కూడా చెప్పాడు.

మధ్యాహ్నం, నీరు నిలకడగా ఉన్న ఒక మడుగులో, ఒక కుర్రవాడి గాలం బరువెక్కింది. పైకి లాగితే నల్లని బూడిదరంగు చేప. పక్కలు అణగి, వీపుమీద ముళ్ళు నిక్కబొడుచుకుని ఉంది.

"తాతా, దీని పేరేమిటి?"

తాత దానిని అటూ ఇటూ త్రిప్పి చూశాడు. "దీనికి మా దగ్గర పేరు లేదురా అయ్యా. నా చిన్నప్పుడు ఇది లేదు."

"పేరు లేకపోతేనేం, కూరకు పనికొస్తుందిగా!" అన్నాడు కుర్రవాడు. అందరం నవ్వుకున్నాం.

కాని ఆ జవాబులో గొప్ప శాస్త్ర విషయం ఉంది. గెడ్డలో పుట్టి పెరిగే ప్రతి చేపకూ పేరు ఉన్న ఊరిలో, ఒక చేపకు పేరు లేదంటే అది కొత్తగా వచ్చిందన్నమాట! అది తిలాపియా. బజారులో కొందరు దానిని జిలేబి చేప అంటారు. దాని స్వస్థలం ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ భాగం. చౌకగా మాంసకృత్తులు దొరుకుతాయన్న మంచి ఉద్దేశంతోనే 1952లో దానిని మన దేశానికి తెచ్చారు.

మరి ఈ కొండమీదికి ఎలా వచ్చింది? ఈ ప్రాంతంలో పడమటికి పారే గెడ్డల నీరు మాచ్‌ఖండ్ నదిలో చేరుతుంది. ఆ నది సీలేరుగా మారి, శబరిలో కలిసి, చివరకు గోదావరిని చేరుతుంది. అయితే గోదావరి నుండి చేపలు ఎదురీదుకుంటూ వచ్చి ఉంటాయా? వీలులేదు. దారిలో డుడుమ జలపాతం ఉంది. దాని ఎత్తు 150 మీటర్లకు పైమాటే. తిలాపియా ఎంత గట్టి చేప అయినా ఆ గోడను ఎక్కలేదు.

"కొంగల కాళ్ళకు అంటుకుని గ్రుడ్లు వచ్చి ఉండవచ్చు కదా, మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. పక్షుల ద్వారా చేపల గ్రుడ్లు ప్రయాణం చేయడం బొత్తిగా అసంభవం కాదు. 2020లో హంగరీ శాస్త్రజ్ఞులు బాతులకు కార్పు జాతి చేపల గ్రుడ్లు తినిపించి చూశారు. వెయ్యికి సుమారు రెండు గ్రుడ్లు చెక్కుచెదరకుండా రెట్టలో బయటపడ్డాయి! కాని తిలాపియా సంగతి వేరు. తల్లి తన గ్రుడ్లను నోటిలోనే దాచుకుంటుంది. పిల్లలు కాస్త ఈదగలిగేవరకు అక్కడే కాపాడుతుంది. అటువంటి గ్రుడ్లు కొంగ కాలికి అంటుకునేదెలా? కాబట్టి ఈ చేపను ఇక్కడికి చేర్చినది దాదాపు నిశ్చయంగా మనిషే. ఎవరో చెరువులో పెంచి ఉంటారు. వరదకు గట్టు తెగి ఉంటుంది. లేదా ఎవరో సరదాగా తెచ్చి వదిలి ఉంటారు.

"వస్తే వచ్చింది, నష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. తిలాపియా కొద్ది నెలల వయసుకే గ్రుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఏడాదిలో పలుమార్లు పెడుతుంది. ప్రాణవాయువు తక్కువైన నీటిలోనూ, ఉప్పునీటిలోనూ బ్రతుకుతుంది. నాచు, పురుగులు, ఇతర చేపల గ్రుడ్లు, ఏది దొరికితే అది తింటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 వలస జాతుల పట్టికలో దీని పేరు ఉంది. మన గెడ్డ చేపలకు ఇటువంటి అతిథితో పోటీపడే అలవాటు లేదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఏం జరిగిందో చూడండి. 1950-60 ప్రాంతాల్లో అక్కడ నైలు పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. చేపల ఎగుమతి పెరిగిన మాట నిజమే. కాని ఆ సరస్సులో తప్ప మరెక్కడా లేని చిన్న చేపలలో సుమారు 200 జాతులు కనుమరుగయ్యాయని శాస్త్రజ్ఞుల అంచనా. పోయిన జాతిని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు.

అలాగని చేపల పెంపకాన్ని నేను తప్పుపట్టడం లేదు. గట్టు ఉన్న చెరువులో ఏ చేపను పెంచాలన్నది ఒక ప్రశ్న. పారే గెడ్డలో ఏ చేపను వదలాలన్నది వేరొక ప్రశ్న. చెరువు యజమానిది, గెడ్డ అందరిదీ. చెరువులో తప్పు జరిగితే ఎండగట్టి దిద్దుకోవచ్చు. గెడ్డను ఎండగట్టగలమా? ఒక చేప దొరికినంత మాత్రాన గెడ్డ పాడైపోయిందనీ చెప్పలేము. గమనించడం మొదలుపెట్టాలని మాత్రం చెప్పగలం.

ఈ కొండలవారికి నీటిని, చేపను గౌరవించడం క్రొత్త కాదు. హుకుంపేట మండలంలో, మఠం గ్రామం దగ్గర, మత్స్యగుండం అనే మడుగు ఉంది. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు దీనిని వర్ణించింది. ఆ మడుగు మహసీర్ చేపలతో కిక్కిరిసి ఉండేదట. వాటిని ఎవరూ పట్టేవారు కాదు. వెనుక ఒక వర్తకుడు ఒక చేపను పట్టి కూర వండుకుంటే, చేపల రాజు శపించాడనీ, అతడూ అతని ఎద్దులూ రాళ్ళయిపోయారనీ ఒక కథ కూడా అందులో ఉంది. మనిషి రాయి అవుతాడని మనం నమ్మనక్కరలేదు. కాని ఆ కథ చేసిన పని చూడండి! ఒక మడుగులోని చేపలను కాపాడడానికి తోడ్పడింది. ఆ కథ చేసిన పనిని ఇకపై మన తెలివి చేయాలి.

అందుకు మీరు చేయగలిగినది చాలా ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊరి పెద్దలను అడిగి వారికి తెలిసిన చేపల పేర్లన్నీ వ్రాసుకోండి. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే వ్రాయండి. వేటకు వెళ్ళినప్పుడు దొరికినవాటిని ఆ పేర్లతో పోల్చి, తేదీ, చోటు, పొడవు గుర్తుపెట్టండి. పేరు లేని చేప దొరికితే దాని బొమ్మ గీసి, మీ సైన్సు మాస్టారికి చూపండి. ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచిన రంగు చేపలపై విసుగు పుడితే వాటిని మరొకరికి ఇవ్వండి, గెడ్డలో మాత్రం వదలకండి.

సాయంత్రం తిరిగి వస్తూంటే ఆ కుర్రవాడు చేపను చూసి జాలిపడ్డాడు. అది ఇంకా కొనఊపిరితో ఉంది. "మాస్టారూ, పోనీ పాపం, దీన్ని నీళ్ళలో వదిలేద్దామా?" అన్నాడు. వేరే ఏ చేప అయినా నేను సరేననేవాడినే. "దీన్ని వదిలితే ఒక చేపమీద జాలి చూపినట్లవుతుంది. గెడ్డలోని మిగతావాటి సంగతి?" అన్నాను. అతడు కాసేపు ఆలోచించి, చేపను బుట్టలోనే ఉంచాడు.

ఆ రాత్రి అది కూర అయింది. అతని పుస్తకంలో మాత్రం మొదటి పేజీలో దాని బొమ్మ ఉంది. పక్కన "పేరు" అన్నచోట, తాత చెప్పినట్లే, "మా దగ్గర లేదు" అని వ్రాసి ఉంది.