విత్తనపు వడ్లు వండుకు తింటే పంటెక్కడిది?

చిప్పుల పరిశ్రమకు మన పన్నుల సొమ్ము ఇచ్చేముందు ఇంటెల్ కథ వినండి

ప్రజలారా! విద్యార్థులారా! ఇంజనీర్లారా!

1968లో రాబర్ట్ నాయిస్, గార్డన్ మూర్ పెట్టిన కంపెనీ ఇంటెల్. 1971లో 4004 మైక్రోప్రాసెసర్‌ను అమ్మకానికి తెచ్చింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి గుండెకాయ దాని చిప్పే. తర్వాత మన కాలేజీ ల్యాబుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఎక్కడ చూసినా ‘ఇంటెల్ ఇన్‌సైడ్’ స్టిక్కరే.

అంతటి కంపెనీ 2024లో 1,880 కోట్ల డాలర్ల నష్టం చూపింది. 15 వేల మందికి పైగా ఉద్యోగులను తీసేస్తామని ప్రకటించింది. అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్‌లో దాని చోటు మరో చిప్పుల కంపెనీ ఎన్విడియాకు పోయింది.

ఎందుకిలా జరిగింది?

ఐఫోన్‌కు చిప్పు చేసే అవకాశం వస్తే, గిట్టుబాటు కాదని వదులుకుంది. మరింత సూక్ష్మమైన 10 నానోమీటర్ల తరం చిప్పులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. చిప్పులపై అతి సన్నని గీతలు ముద్రించే ఈయూవీ యంత్రాలు తయారుచేసే ఏఎస్ఎంఎల్ కంపెనీలో 2012లోనే పెట్టుబడి పెట్టింది. అయినా వాటిని ఉత్పత్తిలోకి దించడంలో తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ కంటే ఏళ్లు వెనకబడింది. 2020లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ చిప్పుల బదులు సొంత చిప్పు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

పరిశోధనకు ఖర్చు పెట్టలేదని మేం అనడం లేదు. కానీ ఈ వెనకబాటు కళ్లెదుట కనిపిస్తున్న 2018, 2019, 2020 సంవత్సరాల్లోనే, తన షేర్లు తానే తిరిగి కొనడానికి 3,800 కోట్ల డాలర్లకు పైగా పోసింది. 1990 నుంచి లెక్కేస్తే 15,200 కోట్ల డాలర్లు! ఇంటెల్‌ను ఈ షేర్ల తిరిగి కొనుగోళ్లే (బైబ్యాక్‌లే) ముంచాయని కాదు. కష్టకాలంలో కొత్త ఫ్యాక్టరీలకు అక్కరకొచ్చే సొమ్ము అలా పోయింది. చివరికి 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే 890 కోట్ల డాలర్లతో సుమారు 10 శాతం వాటా తీసుకుంది.

మనకేం సంబంధం?

2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ (చిప్పుల) పథకానికి 76,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ఒక్కో ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా కేంద్రమే భరిస్తుంది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కూ ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరైంది. సంతోషమే. అయితే ఆ సొమ్ము మనది.

అందుకే మా డిమాండ్లు:

1. సబ్సిడీ తీసుకున్న కంపెనీ పదేళ్లపాటు తన షేర్లు తిరిగి కొనకూడదు.
2. పరిశోధనకు, యంత్రాలకు, కార్మికుల శిక్షణకు ఎంత ఖర్చు పెట్టిందో ఏటా స్థానిక భాషలో ప్రకటించాలి.
3. డైరెక్టర్ల బోర్డులో చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఇంజనీర్లు ఉండాలి.
4. మాట తప్పితే సబ్సిడీ వడ్డీతో సహా వెనక్కి రావాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. చిప్పుల సాయం సొమ్ముతో షేర్లు కొనరాదని అమెరికా 2022 చట్టంలోనే రాసుకుంది. అక్కడ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు. మనం ముందే మేలుకుందాం.

మీ ఎంపీని, ఎమ్మెల్యేను కలవండి. ఈ నాలుగు షరతులూ ఒప్పందంలో ఉన్నాయా అని అడగండి. లేకపోతే, రాసేదాకా అడుగుతూనే ఉండండి.