కొరత తలరాత కాదు

అండమాన్‌లో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) పరిసరాల్లో నీళ్ళు వంతులవారీగా వదులుతారు. ఇది వరుణదేవుడి కోపమా? కాదు, పడ్డ వానని నిలవ చేసుకునే ఏర్పాటు చాలకపోవడం.

కరెంటు సంగతీ అంతే. ఈ దీవుల్లో ఎక్కువ కరెంటు ఓడల్లో తెచ్చిన డీజిల్ నుంచే వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న గరాచర్మలో మాత్రం ఎన్.టి.పి.సి. 2012-13లో 5 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పెట్టింది. డీజిల్ కాలిస్తే అయిపోతుంది, ఎండ అయిపోదు. పెట్టుబడి తీరాక మిగిలేది నిర్వహణ ఖర్చే. కొరత లేని సమాజం అంటే నవ్వేవాళ్ళు దీనికేమంటారు?

అయితే టెక్నాలజీ ఒక్కటే చాలదు. ఎండ అందరిదే కానీ ప్యానెళ్ళు, బ్యాటరీలు, భూమి ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళదే. జనరేటర్ల మీద బతికే కార్మికులని ఒక్కసారిగా వీధిన పడేస్తే వాళ్ళు సౌర విద్యుత్తుకే శత్రువులవుతారు. ముందే వాళ్ళకి కొత్త పని నేర్పి, జీతం పోకుండా చూడాలి. మిగిలిన డీజిల్ డబ్బు మొదట దానికే ఖర్చుపెట్టాలని నా అభిప్రాయం. శాంతియుత మార్పు అంటే నా దృష్టిలో ఇదే.

పంచుకోవడం చేతకాకపోతే సమృద్ధి మధ్యలో కూడా కొరతని మనమే తయారుచేస్తాం. దానికి కూడా కర్మనే కారణంగా చూపిస్తారు.