రంగు తీయునప్పుడు చేతుల జాగ్రత్త

పండుగ వచ్చుచున్నదనగా పాతతలుపులకు క్రొత్తరంగు వేయించుట మన యిండ్లలో వాడుక. ముందుగా పాతరంగును తీయవలయును. ఆ కూలి యైనను మిగులునుగదా యని మనమే యాపనికి బూనుకొందుము. క్రిందటి సంక్రాంతికి మాయింట నట్లే జరిగినది. మా యత్తగారి కాలమునాటి టేకుతలుపుపై నాలుగైదు పూతల రంగు పేరుకొని చెక్కడపు లతలు కానరాకుండెను. కాస్టిక్ సోడా తెప్పించి నీట గలిపి, మేమును మా తోడికోడలును చేతితొడుగులు వేసికొని పనికి గూర్చుంటిమి. ఆమె వ్రేలి యుంగరము తీయలేదు. తొడుగు అంచునుండి చుక్కలు కొన్ని లోనికి జాఱినవి. "అక్కయ్యా, వ్రేలు జిగటగా నున్నదేమి?" అని మాత్ర మనెను; నొప్పి లేదనెను. అరగంటకు తొడుగు తీసి చూడగా ఉంగరముక్రింద చర్మము తెల్లబడి మెత్తబడియుండెను. ఆ మచ్చ నేటికిని పోలేదు.

ఆ జిగటయే యసలు సంగతి. నూనెతో గలిపి సబ్బు చేయు క్షార మిదియే. పాతరంగులోని నూనెను సబ్బుగా మార్చి యూడదీయునట్లే, మన చర్మములోని క్రొవ్వునుగూడ సబ్బుగా మార్చును. ఆమ్లము తగిలినచో చాలవఱకు వెంటనే మండును. క్షార మట్లుగాదు, బాధ తెలియకమునుపే లోతునకు దిగిపోవును. కావున మండినప్పుడు చూతములే యనుకొనరాదు.

ఈ పనికి పలుచని తొడుగులు చాలవు. మోచేతివఱకు వచ్చు దళసరి రబ్బరు తొడుగులు గావలయును. వేసికొనుటకు ముందు వానిలో నీరు నింపి చిల్లులున్నవేమో చూడవలయును. అంచును వెలుపలికి మడిచినచో, చేయి పైకెత్తినప్పుడు కాఱిన నీరు ఆ మడతలో నిలుచును. ఉంగరములను, గాజులను తీసివేయవలయును. గాజులు తీయుట కొందఱ కిష్టముండదు. ఆ పట్టింపును మేము తప్పుపట్టము. కాని గాజులమీదికి లాగిన తొడుగు చినుగును గనుక, అట్టివా రీపనిని మఱియొకరికి విడుచుటయే మేలు. కండ్లద్దములుగూడ నుండవలయును. సోడాను చన్నీటిలో కొంచెముకొంచెముగా వేయవలెనేగాని సోడాపై నీరు పోయరాదు, ఉడికి చిమ్మును. అల్యూమినియము గిన్నె పనికిరాదు.

డబ్బాలలో నమ్ము రంగుతీయు మందుల సంగతి వేఱు. వానిలో కొన్నిటియందు డైక్లోరోమీథేను అను ద్రవముండును. ఇది సామాన్యపు రబ్బరు తొడుగులనేగాక నైట్రైలు తొడుగులనుగూడ కొలదినిమిషములలో దాటిపోవును. చిల్లు కానరాదు, తొడుగు చెక్కుచెదరినట్లుండదు. లోపల చర్మము మాత్రము కాలుచుండును. అట్టి తొడుగు మందును చేతికి అదిమిపట్టి యుంచును గనుక లేకుండుటకంటెను చెఱుపు. దాని యావిరి పీల్చినచో దేహములో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుగా మాఱును. ఆ మందును గృహస్థుల కమ్మరాదని అమెరికాలో 2019లో నిషేధించిరి. డబ్బాపై ఆ పేరున్నచో కొనకుండుటయే మా సలహా.

ఏ మందైనను చేతికి తగిలినచో మొదట తొడుగును, ఉంగరమును తీసి, పాఱునీటిక్రింద ఇరువది నిమిషములైనను చేతిని కడుగవలయును. మా యింట ఒకరు నిమ్మకాయ తెండనిరి, మఱియొకరు వెన్న రాయుమనిరి. రెండును వలదు, నీరే మందు. పిదప వైద్యునికి చూపవలయును. మఱియొక మాట: పాతరంగులలో సీసముండవచ్చును. పని ముగిసినపిదప సబ్బుతో చేతులు కడిగికొనక అన్నము కలుపుటగాని, పిల్లల నెత్తుకొనుటగాని కూడదు.

ఇంతచేసి, ఆ సోడాకు టేకుచెక్క నల్లబడినది. తలుపు రెండవఱెక్క నేటికిని పాతరంగుతోనే యున్నది.