లొకేషన్ పెట్టన్నా!

ఇన్‌స్టాలో రాబందు ఫొటో పెట్టి పది నిమిషాలు కాలేదు, మెసేజ్ వచ్చింది. “అన్నా, సూపర్. లొకేషన్ పెట్టన్నా!”

అది కొన్నేళ్ల కింద ఫిబ్రవరిలో తీసిన ఫొటో. బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కన నిటారుగా లేచిన పాలరాపు గుట్ట. అక్కడ పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు కొమురంభీం ఆసిఫాబాద్. పేపర్లలో వచ్చిన చోటే కాబట్టి పేరు దాచాల్సిన పని లేదు. కానీ ఊరి పేరు చెప్పడం వేరు, గూడు దగ్గర మ్యాప్‌లో పిన్ గుచ్చడం వేరు.

ఊళ్లో పశువు చస్తే రాబందులు గుంపులుగా దిగేవని మన పెద్దోళ్లు చెప్తుంటారు. అవి మాయమవడానికి వేటగాళ్లు కారణం కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తింటే రాబందు కిడ్నీలు పాడైపోతాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. అయినా వాటి సంఖ్య గబగబా పెరగదు. రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఆ గూడు చెడిందంటే ఆ జంటకు ఆ ఏడాది పోయినట్టే.

ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ తీసుకుని, అద్దెకు తెచ్చిన 150–600 లెన్స్‌తో వెళ్లాను. నాది క్రాప్ సెన్సర్ బాడీ. అంటే 600 పెడితే దాదాపు 900 లెన్స్‌తో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది. అయినా ఫ్రేమ్‌లో రాబందు నా బొటనవేలంత. పైగా పదకొండు దాటితే బండ మీద నుంచి వేడి లేస్తుంది. ఎంత ఖరీదైన లెన్సైనా ఫొటో నీళ్లలోంచి తీసినట్టే వస్తుంది. ఇంకో వంద అడుగులు ముందుకెళ్తే బాగుండు అనిపించింది. కాలు కూడా కదిలింది.

“వద్దు సార్. అది లేస్తే పిల్లకు ఎండ తగుల్తది,” అన్నాడు మాతో వచ్చిన వాచర్.

అంతే, ఆగిపోయాను. నాకేదో పెద్ద బుద్ధుందని కాదు, అంతకుముందే ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ని.

కరీంనగర్ దగ్గర వదిలేసిన ఒక గ్రానైట్ క్వారీలో కొమ్ముల గుడ్లగూబ దొరికింది నాకు. దానికి గూడంటూ ఏమీ ఉండదు, రాతి అరుగు మీదే గుడ్లు పెడుతుంది. నారింజ రంగు కళ్లు సూటిగా లెన్స్‌లోకి! సంబరం ఆగక మా ఫొటో గ్రూప్‌లో పిన్ షేర్ చేశాను. వచ్చే ఆదివారానికి అక్కడ ఆరు బైకులున్నాయి. ఎవరో బ్లూటూత్ స్పీకర్‌లో గుడ్లగూబ కూత పెట్టారు. ఇంకెవరో అది తల తిప్పాలని రాయి విసిరారు. ఆ తర్వాత నేను మూడుసార్లు వెళ్లాను. అరుగు మీద గుడ్లు అలాగే ఉన్నాయి, తల్లి మాత్రం లేదు. ఆ ఫొటోకి నా జన్మలో రానన్ని లైకులొచ్చాయి. తర్వాత డిలీట్ చేశాను, కానీ గుడ్లగూబకు దాంతో ఏం ఒరిగింది?

అందుకే ఇప్పుడు పిల్లలున్న గూడు ఫొటో ఆ సీజన్ అయిపోయాకే పెడతాను. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్. మీరూ ఒకసారి చూసుకోండి, ఒరిజినల్ ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అందులోని జీపీఎస్ అంకెలు కూడా వెంట పోతాయి.

మరి నేర్చుకోవడం ఎలా అంటారా? మనకు ఎల్ఎండీ ఉంది కదా. నలుపు తెలుపు లకుముకి నీళ్లపైన గాల్లోనే రెక్కలాడిస్తూ ఒకేచోట నిలబడుతుంది, టెలిఫొటో చేయి తిరగడానికి అంతకన్నా మంచి మాస్టారు దొరకడు. షట్టర్ 1/2000 పెట్టండి, ఐఎస్ఓ పెరిగితే పెరగనివ్వండి. గ్రెయిన్ ఉన్న ఫొటోని ఎలాగో సర్దుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని ఏం చేయలేం.

ఆ మెసేజ్‌కి జవాబు పెట్టాను: “గూడు పిన్ ఇవ్వను తమ్మీ. ఆదివారం పొద్దున ఆరింటికి ఎల్ఎండీ కట్టకు రా. లెన్స్ నేను తెస్తా.”

వెంటనే టైపింగ్ అని కనిపించింది.

“ఆరింటికా అన్నా... ఎనిమిదింటికి వస్తే నడవదా?”