పని వేళలో పేకాట

2006లో న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ ఆల్బనీలోని నగరపాలక కార్యాలయానికి వెళ్లారు. అక్కడ ఒక ఉద్యోగి కంప్యూటర్ తెర మీద సాలిటేర్ ముక్కలు పరచి ఉండటం ఆయన కంట పడింది. అంతే, ఆ ఉద్యోగం ఊడింది. ఆఫీసు ఆటలాడే చోటు కాదన్నది మేయర్ వాదన. కాదనడం కష్టమే. కానీ ఆ లెక్కన కత్తి ఝళిపిస్తే ప్రపంచంలో ఎన్ని ఆఫీసులు ఖాళీ అయ్యేవో!

భారత్‌లో బ్యాంకుల్లోకి, సర్కారు కార్యాలయాల్లోకి కంప్యూటర్లు దిగిన కొత్తలో వాటిని చూసి జంకిన గుమాస్తాలెందరికో మౌస్ పట్టుకోవడం నేర్పింది శిక్షణ తరగతులు కాదు, ఈ పేక ముక్కలే. మైక్రోసాఫ్ట్ ఉద్దేశమూ అదే. ముక్కను పట్టి లాగి మరోచోట వదులుతుంటే మౌస్ చేతికి అలవాటవుతుందని 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్‌ను ఇచ్చింది. దాన్ని రాసిన వెస్ చెర్రీ అప్పుడు ఆ కంపెనీలో ఇంటర్న్. రాయల్టీ పైసా రాలేదు. అధికారి వచ్చినప్పుడు ఆటను చాటేసి ఉత్తుత్తి లెక్కల పట్టిక చూపే మీట కూడా ఆయన అందులో పెట్టారు. కంపెనీ తీయించేసింది. అదే ఉండుంటే ఆల్బనీ ఉద్యోగి బతికిపోయేవాడేమో.

ఇంతకీ ఆ ముక్కల్లో ఏముంది? ఆఫీసులో ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం చిందరవందరగా ఉన్న 52 ముక్కలు అదృష్టం బాగుంటే పది నిమిషాల్లో ఆసు నుంచి రాజు దాకా నాలుగు దొంతరలుగా సర్దుకుంటాయి. గెలిస్తే తెర మీద జలపాతంలా దూకుతాయి. ఓడితే పోయేదేమీ లేదు, మళ్లీ పంచుకోవడమే. రోజంతా ఏ పనీ పూర్తికాని మనిషికి అది చిన్న ఊరట కాదు.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ సృష్టించిన టెట్రిస్‌ది వేరే రుచి. అందులో నిండిన వరస మాయమవుతుంది, తప్పులే కుప్పపడి మిగులుతాయి. కలవరపెట్టే దృశ్యాలు చూసినవారు అరగంట తర్వాత 10 నిమిషాలు టెట్రిస్ ఆడితే ఆ దృశ్యాలు తర్వాతి వారంలో మళ్లీ కళ్ల ముందు మెదలడం తగ్గిందని 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. ఆకారాలు అమర్చే పనిలో పడ్డ బుర్రకు ఆ బొమ్మలను దాచుకునే తీరిక ఉండదన్నది వారి వివరణ.

బుర్రకు దొరికే ఈ తీరికకు తర్వాత ధర పడింది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఉండేవి ఐదు ప్రాణాలే. అవి అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట కాచుకోవాలి, లేదా స్నేహితులను అడుక్కోవాలి, లేదా డబ్బు కట్టాలి. సేద తీరడానికి వచ్చినవాడిని ఆత్రపెట్టడమే అక్కడ వ్యాపారం. 2015లో విండోస్ 10తో వచ్చిన సాలిటేర్‌లో ప్రకటనలు దూరాయి. అవి వద్దంటే చందా కట్టాల్సిందే.

ఈ ధోరణికి ఎదురీదింది జోష్ వార్డిల్ 2021లో జనానికి అందించిన వర్డిల్. తన సహచరి సరదా కోసం తయారుచేసిన ఆట అది. రోజుకు ఒక్కటే పదం, ఆరు ప్రయత్నాలు. అప్పట్లో ప్రకటనలు ఉండేవి కావు, ఆ తర్వాత మర్నాటి దాకా ఆట బంద్ అయ్యేది. 2022 జనవరిలో దాన్ని న్యూయార్క్ టైమ్స్ కొనేసింది.