హుస్సేనుసాగరపు గట్టా, మెదకు మైదానమా?

సంగారెడ్డినుండి జోగిపేట, అల్లాదుర్గముల మీదుగా నాందేడునకు పోవు 161వ సంఖ్య జాతీయ రహదారి విశాలమైనది. బాట బాగుపడుటతో మా ప్రాంతమునకు వేగము వచ్చినది. వేగము వచ్చినచోటికి పందెము రాక మానదు. ఎడ్లబండ్ల కాలముననే ఏడుపాయల జాతరకు పోవు దారిలో ముందున్న బండిని దాటింపక ఊరకుండిన రైతు అరుదు. నేడు ఇరువదియేండ్ల కుర్రవాని చేతికి మోటారు చిక్కినప్పుడు వాడు మాత్రము వేరేమి చేయును? హైదరాబాదు వెలుపలి వలయ రహదారిమీద అర్ధరాత్రివేళ దొంగపందెములు సాగుటయు, పోలీసులు పట్టుకొని జరిమానాలు వేయుటయు, మరల పందెములు సాగుటయు మనమెరిగినదే. యౌవనపు వేగకాంక్షను చట్టము చంపజాలదు. దానికి తగిన చోటు చూపవలెను. నగరము చుట్టుపట్ల కార్టుబండ్ల వలయములును, చిన్న అభ్యాసపు బాటలును కొన్ని వెలసినవి గాని, మదరాసు, కోయంబత్తూరులందువలె ఏటేటా జాతీయ కారుపందెములకు నెలవై నిలిచిన ఆవరణము మన తెలుగునాట లేదు.

చోటు లేకపోయినను పందెము మాత్రము ఒకమారు మహావైభవముగా వచ్చి పోయినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరపు గట్టున విద్యుత్కారుల ప్రపంచ పోటీయగు ఫార్ములా ఈ జరిగెను. సచివాలయము, లుంబినీవనము, నెక్లెసు రోడ్డుల పరిసరములలో సుమారు 2.8 కిలోమీటర్ల బాట నేర్పరచిరి. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్ను గెలిచెను. అంతకుముందు 2022 నవంబరులో అదే తీరమున దేశీయ లీగు పందెములకు పూనుకొనగా, ప్రమాదముచేతను ఆలస్యములచేతను ఆనాటి ప్రధాన పందెములు జరుగనేలేదు. ప్రపంచ పోటీకి ముందునాటి అభ్యాసవేళ నగరవాసుల సొంత కారులు పందెపు బాటలోనికి చొరబడినవి. ఇందు వారి తప్పేమున్నది? నిత్యము నడచు బాట అది! ఆఫీసునకును ఆసుపత్రికిని పోవలసిన జనమును దినములకొలది చుట్టుదారులు పట్టించి, వారి వీధినే అరువు తెచ్చుకొనిన పందెమునకు అది తగిన స్వాగతమే.

2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము ఆ జనవరిలోనే రద్దయినది. ఆ రెండవ పందెము నిమిత్తము మహానగరాభివృద్ధి సంస్థ నిధులనుండి సుమారు 55 కోట్ల రూపాయలు చెల్లింపబడిన తీరుమీద 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖవారు కేసు నమోదు చేసిరి. తప్పొప్పులు నిర్ణయించుట న్యాయస్థానముల పని, అందు మేము వేలు పెట్టము. మా ప్రశ్న వేరు. పందెము ముగిసిన మరునాడు కంచెలు విప్పి, గోడలు తొలగించి, వచ్చినవారు విమానమెక్కి పోయిరి. హైదరాబాదున ఏమి మిగిలినది? ఒక్క కార్ఖానాయా? బాటకాపు విద్య నేర్చిన దళమా? జాతీయ పందెమున నిలువగల తెలుగు కుర్రవాడొక్కడా? ఉత్తరాదిని బుద్ధ వలయము గతియు ఆలోచింపదగినది. 5 కిలోమీటర్లకు మించిన ఆ బాటమీద 2011, 2012, 2013 సంవత్సరములలో ఫార్ములా ఒకటి పందెములు మూడే జరిగినవి. పన్నుల వివాదములు చెలరేగినవి, పందెములవారు తిరిగి చూడలేదు. పైనుండి దిగిన వైభవము పైకే పోవును. క్రిందనుండి మొలిచినదే వేరూనును.

క్రిందనుండి మొలుచునది ఏది? ప్రాంతీయమై, పలు తరగతులతో కూడిన టూరింగు కారుల, స్పోర్ట్సు కారుల పోటీ యని మా అభిప్రాయము. పేరు కొత్తగా తోచవచ్చును గాని భావము మన రైతునకు చిరపరిచితము. గుంటూరు, ప్రకాశము, కర్నూలు సీమలలోను, ఇటు హుజూరునగరు ప్రాంతమునను జరుగు బండలాగుడు పోటీలను చూడుడు. అన్ని ఎడ్లను ఒకే గాటకు కట్టరు. రెండుపళ్ల జత వేరు, నాలుగుపళ్ల జత వేరు, ఆరుపళ్లది వేరు, సీనియరు వేరు. నిర్ణీత కాలములో ఏ జత ఎన్ని అడుగులు లాగినదో కొలిచి, ఏ తరగతికాతరగతి బహుమానమిత్తురు. కనుక చిన్న కమతపు రైతు రెండుపళ్ల కోడెలతో వచ్చియు తలయెత్తుకొని ఇంటికి పోగలడు. కారుల పందెమున నున్న నీతియు ఇదే. మనము ఊరిలో నడుపుకొను కారునే పందెమునకు సిద్ధపరచినచో అది టూరింగు కారు. వేగము కొరకే నిర్మించినది స్పోర్ట్సు కారు. యంత్రపు పరిమాణమును బట్టియు, మార్పులకు గల అనుమతిని బట్టియు తరగతు లేర్పరచి, రెండు మూడు తరగతులను ఒకేమారు బాటమీదికి వదలుదురు. మొత్తముమీద ముందు వచ్చినవాడొకడు, తన తరగతిలో గెలిచినవాడు మరియొకడు. పాత మారుతి కారుతో వచ్చినవానికిని గెలుపు దక్కును. 1923లో ఫ్రాన్సు దేశపు ల మాన్ పట్టణమున మొదలైన ఇరువదినాలుగు గంటల ప్రఖ్యాత పందెము నేటికిని ఈ తరగతుల పద్ధతినే నడచుచున్నది.

ఇందులో ఇంకొక విశేషము గలదు. వడిగల కారువాడు మెల్లని కారును ప్రమాదము లేకుండ దాటుట నేర్వవలెను. మెల్లని కారువాడు వెనుకనుండి వచ్చు వడిని అద్దమున కనిపెట్టి, తన గీత తప్పక, దారి యిచ్చుట నేర్వవలెను. దాటుటయు, దాటనిచ్చుటయు రెండును విద్యలే. మన రహదారులమీద లారీకి, మోటారుసైకిలునకు, ట్రాక్టరునకు నడుమ నిత్యము పోవు ప్రాణములను తలచినచో, ఈ విద్య పందెపు బాటకు మాత్రమే చాలునని యెవరనగలరు?

మనవారికి ఈ విద్య కొత్త గాదు. మదరాసు చెంత షోలవరమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయపు బాటమీద మదరాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు దశాబ్దములు పందెములు నడిపిరి. పాడుపడిన విమానపు బాటకు అంతకన్న సద్వినియోగ మేమున్నది? తరువాత వారే ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత బాట నిర్మించుకొనిరి. అది 1990లో తెరువబడెను. నాటినుండి నేటివరకు జాతీయ టూరింగు కారుల తరగతులకు అది నెలవు. కోయంబత్తూరు మిల్లుల యజమానులగు తెలుగు నాయుళ్ల కుటుంబమున పుట్టిన కరివర్ధను, మారుతి కారు భాగములతోనే ఫార్ములా మారుతి అను ఒంటిమనిషి పందెపు కారును రూపొందించి, అల్పవ్యయముతో ఎందరో యువకులకు ద్వారము తెరచెను. ఆయన 1995లో అకాలమరణము పొందగా, ఆయన పేరనే కోయంబత్తూరు చెంత కరి మోటారు స్పీడువే వెలసినది. స్వదేశీ యనగా ఇది. పరదేశపు కారును తెచ్చి జెండా పాతుట కాదు, మన వీధి కారునుండి పందెపు కారును పుట్టించుట.

మెదకు సీమకు లేనిదేమి? సదాశివపేటలో ఎమ్మారెఫ్ వారి టైరుల కార్ఖానా గలదు. జహీరాబాదున ఒకనాడు ఆల్విన్ నిస్సాను లారీలు తయారైన చోటనే నేడు మహీంద్రావారి ఉత్పత్తులు సాగుచున్నవి. 2013నుండి అక్కడ ట్రాక్టరులును తయారగుచున్నవి. ఎద్దుమైలారపు ఆయుధ కార్ఖానా సైన్యమునకు కవచవాహనములు చేయుచున్నది. ఇవన్నియు పూర్వపు మెదకు జిల్లాలోనివే. అయినను ఎమ్మారెఫ్ వారి పేరుమీద నడచు జాతీయ కారుపందెములను చూడవలెనన్న సదాశివపేట కార్మికుడు మదరాసు రైలెక్కవలెను! హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి 2016, 2017 సంవత్సరములలో వరుసగా జేకే వారి జాతీయ పందెమున ప్రథముడయ్యెను. ఆయన గెలిచిన బాట ఏదియు తెలుగునేలది కాదు. 2021లో నరేన్ కార్తికేయన్, అర్జున్ మైనీ, నవీన్ రావు అను ముగ్గురు భారతీయులు ఒక దళమై ఆసియా ల మాన్ పోటీలో దిగిరి. పలు తరగతుల ప్రాంతీయ స్పోర్ట్సు కారుల పోటీ యనగా అదియే. ఆ ఏటి పందెములన్నియు దుబాయి, అబూధాబి బాటలమీద నడచినవి.

“రైతు నీటికై ఏడ్చుచుండగా కారుల పందెములా?” యని అడుగువారు గలరు. అడుగవలసినదే. మాకు ఆ ప్రశ్నమీద గౌరవము గలదు, ఏలన మంజీరా ఒడ్డున నుండియు బోరుబావిమీద ఆధారపడు పల్లెలు ఎట్టివో మేమెరుగుదుము. కావుననే మా కోరిక పరిమితము. ఇకమీదట ఒక్క ఎకరము పొలమైనను పందెముకొరకు రైతునుండి లాగుకొనరాదు. జహీరాబాదు చెంత న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో పారిశ్రామిక మండలమునకని ఇదివరకే వేల ఎకరములు సేకరించిరి. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయి సంస్థ తెలంగాణమున కారుల పరీక్షాకేంద్రము నెలకొల్ప సమ్మతించెనని ప్రభుత్వము 2024 ఆగస్టులో ప్రకటించినది. పరీక్షకు బాట కావలెను, పందెమునకును బాటయే కావలెను. వారమున ఐదు దినములు కార్ఖానాలవారు అద్దె యిచ్చి పరీక్షలు చేసికొనవచ్చును. శని, ఆదివారములు యువకులు పందెములు నడుపుకొనవచ్చును. బాట వ్యయము కార్ఖానాల అద్దెనుండియు, చీట్ల రాబడినుండియు రావలెను గాని ఖజానానుండి విదేశపు కంపెనీకి రుసుముగా పోరాదు.

అట్టి బాటయొక్కటి సిద్ధమైనచో హైదరాబాదు, బీదరు, నాందేడు, గుల్బర్గా, కర్నూలుల యువకులు దానికి అందుబాటులో నుందురు. దక్కను ప్రాంతపు పోటీ యని పేరుపెట్టి, పాత కారుల తరగతి, కొత్త కారుల తరగతి, విద్యుత్కారుల తరగతి, స్పోర్ట్సు కారుల తరగతి యని నాలుగింటితో ప్రారంభింపవచ్చును. మొదటి తరగతిలో మన జోగిపేట, అల్లాదుర్గముల మెకానిక్కులు తాము బాగుచేసిన కారులతో దిగుదురు. పాలిటెక్నిక్కు విద్యార్థులకు అక్కడనే అభ్యాసము దొరకును. బాటకాపులు, వైద్యులు, అగ్నిమాపకులు లేనిదే పందెమునకు అనుమతి యీయరాదనునది మొదటి నిబంధన కావలెను.

హుస్సేనుసాగరపు గట్టుమీద ఏ పందెమును మరల తలపెట్టకమునుపు, ఆ పారిశ్రామిక మండలమున ఎన్ని ఎకరములు నేటికిని బీడుగా నున్నవో, అందు బాటకై ఎన్ని కేటాయింపవచ్చునో, మెదకు, సంగారెడ్డి జిల్లాల శాసనసభ్యులు రాబోవు సమావేశములలో అడిగి సమాధానము రాబట్టుదురు గాక.